మీమూన్ చెయ్యి

తలా హమ్రా బొగ్గు గనిలో నేను ల్యాంపు రూములో పనిచేసేవాణ్ణి. దిగేవాడికి దీపం ఇవ్వడం, పైకి వచ్చినవాడి దగ్గర తీసుకుని తుడిచి పెట్టడం, అదీ నా పని. గనిలోంచి వచ్చినవాళ్ళు మొహాలు కడుక్కోకముందే నా కిటికీ దగ్గరికి వచ్చేవాళ్ళు కాబట్టి కింద ఏం జరిగినా మొదట నా చెవినే పడేది. మీమూన్ సంగతీ అలాగే పడింది.

మీమూన్ వైండింగ్ ఇంజను నడిపేవాడు. గని బావి మీద ఎత్తయిన ఇనుప చట్రం, దాని నెత్తిన పెద్ద చక్రాలు, వాటి మీదుగా దిగే ఉక్కు తాడుకి వేలాడే, మనుషులెక్కే ఇనుప డోలీ. ఆ తాడు రెండో కొస చుట్టుకునే డ్రమ్ము గుట్ట మీద ఒక ఇంట్లో ఉండేది. ఆ డ్రమ్ము ముందు కుర్చీలో మీమూన్, ఆయన చేతిలో ఒక ఇనుప పిడి. మమ్మల్ని భూమిలోకి దింపేదీ వెలుతుర్లోకి తెచ్చేదీ ఆ పిడే. మేము ఆయనకు కనపడం, ఆయన మాకు కనపడడు. బావి దగ్గరి మనిషి గంట కొడతాడు, ఆయన పిడి కదుపుతాడు. తలుపు మీద అరబ్బీలోనూ ఫ్రెంచిలోనూ ఎర్ర రంగుతో రాసి ఉండేది, పిడి దగ్గరున్న మనిషితో ఎవరూ మాట్లాడకూడదని. ఇంజనీరు కూడా ఆ గుమ్మంలో నోరు మూసుకుని నిలబడేవాడు. అలా మీమూన్ జీవితంలో సగం ఎవరితోనూ మాట లేకుండానే గడిచిపోయింది.

అయినా పిడి దగ్గర ఎవరున్నారో డోలీలో ఉన్నవాళ్ళకు ఇట్టే తెలిసిపోయేది. రెండో డ్రైవరు బెన్‌ఈసా ఉంటే, గంట మోగిన మరుక్షణం కాళ్ళ కింద నేల లాగేసినట్టుండేది. కడుపు గొంతులోకి వచ్చేది, భుజాన సంచీ ఉందో లేదో తెలిసేది కాదు. అడుగున ఆగేటప్పుడు ఎవరో నెత్తిన ఇసుక బస్తా పెట్టినట్టు మోకాళ్ళు వంగిపోయేవి. కొత్తగా చేరినవాళ్ళు ఇదంతా వేగం వల్ల అనుకునేవాళ్ళు. కాదని పాతవాళ్ళు చెప్పేవాళ్ళు. బావి మధ్యలో డోలీ అన్నిటికంటే వేగంగా పోతుంది. అక్కడ కళ్ళు మూసుకుంటే మన ఇంటి గచ్చు మీద నిలబడ్డట్టే ఉంటుంది, బరువు ఎప్పటి బరువే. వేగం ఒంటికి తెలీదు. వేగం పెరగడం తెలుస్తుంది, తగ్గడం తెలుస్తుంది. నేల మన పాదాల కింద నుంచి తొందరపడి జారిపోతే తేలికవుతాం. జారేదాన్ని పట్టి ఆపితే ఆ నేలే కింద నుంచి మనల్ని తోస్తుంది, బరువెక్కుతాం. పైకి వచ్చేటప్పుడు ఇది తారుమారు. బయల్దేరేటప్పుడు బరువు, వెలుతురు దగ్గర పడుతుంటే తేలిక.

మీమూన్ దింపితే ఇదేమీ ఉండేది కాదు. ఆయన వేగాన్ని ఎంత నెమ్మదిగా పోగుచేసి, ఎంత నెమ్మదిగా విడిచేవాడంటే, మాటల్లో పడ్డవాళ్ళు అడుగుకి చేరాక గానీ దిగినట్టు గమనించేవాళ్ళు కాదు.

"ఈయన దింపితే జేబులో కోడిగుడ్డుకి కూడా తెలీదురా, తన మానాన తాను నిద్రపోతుంటుంది" అనేవాడు కద్దూర్.

కద్దూర్ బొగ్గు కొట్టేవాడు, నోరు మంచిది కాదు, మనిషి మంచివాడు. ఒకసారి పైకప్పు రాయి పడి అతని ఎడమ మోకాలు చితికింది. అతుక్కుంది గానీ సరిగ్గా అతుక్కోలేదు. అందుకని అందరికంటే ఎక్కువగా అతనికే మీమూన్ చెయ్యి విలువ తెలుసు.

ఆ చెయ్యి పుట్టుకతో వచ్చింది కాదు. దెబ్దూ కొండల మీది పల్లె నుంచి మీమూన్ వచ్చింది తాళ్ళకు గ్రీజు పూసే పనికి. అప్పుడు ఇంజను దగ్గర ఒక ముసలి స్పానిష్ వాడుండేవాడు. అతను మీమూన్‌ని కూర్చోబెట్టి నేర్పించేటప్పుడు, డోలీ కప్పుకి స్ప్రింగు కాటా వేలాడదీసి, దానికో బార్లీ బస్తా తగిలించేవాడు. నేను కొత్తగా చేరిన రోజులవి. డోలీలో నిలబడి సూది చూసి చెప్పే పని నాకు పడింది. బస్తాలో గింజ పెరిగిందీ లేదు, తరిగిందీ లేదు. అయినా డోలీ పైకి కదిలేసరికి సూది ఎక్కేది, కిందికి కదిలేసరికి పడిపోయేది, మధ్య దారిలో తన చోటికి తాను వచ్చి కూర్చునేది. పైకి వచ్చి నేను చెప్పగానే స్పానిష్ వాడు తల అడ్డంగా ఊపి మళ్ళీ పంపించేవాడు. సూది కదలకుండా ఉంచడం ఎవరి తరమూ కాదు. కదిలీ కదలనట్టు ఉంచేదాకా ఆ చలికాలమంతా బార్లీ బస్తా, నేను బావిలోకి దిగుతూ ఎక్కుతూ ఉన్నాం.

ఇన్నేళ్ళలో మీమూన్ మాత్రం ఒక్కసారి కూడా గనిలోకి దిగలేదు. ఆయన పని పైన. దిగాల్సిన అవసరం రాలేదు, దిగాలనీ అనలేదు. మమ్మల్ని పాతాళానికి పంపి నువ్వు ఎండ కాచుకుంటున్నావు బాబాయ్ అని కద్దూర్ దెప్పితే, చిన్నగా నవ్వి ఊరుకునేవాడు.

ఇంట్లో ఆయన బదులు కూడా భార్య యామ్నాయే మాట్లాడేది. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. సాయంత్రం అయిందంటే ఆమె గొంతు మొదలయ్యేది. రొట్టెల పొయ్యి దగ్గర ఎవరు ఎవరితో తగాదా పడ్డారో, ఎవరి మేక ఎవరి దుప్పటి నమిలిందో, ఊజ్దా నుంచి వచ్చిన బట్టలవాడు ఎంత అబద్ధం చెప్పాడో, అన్నీ చెప్పేది. మధ్యమధ్య ఆయన "ఊఁ" వినపడేది. వాళ్ళకు పిల్లలు లేరు. దాని గురించి ఆమె మాట్లాడగా మేము వినలేదు. మిగతా అన్నిటి గురించీ విన్నాం.

ఒక చలికాలం ఆమెకు దగ్గు పట్టింది. ఈ ఊళ్ళో దగ్గని వాళ్ళెవరు, అనుకున్నాం. ఆమెను ఊజ్దా ఆసుపత్రికి తీసుకెళ్ళేనాటికి గోడ అవతల మాటలు తగ్గిపోయాయి. తిరిగి అంబులెన్సులో తెల్లగుడ్డ కప్పి తెచ్చారు. గుట్ట వెనక, గడ్డి మైదానం మొదలయ్యే చోట పాతిపెట్టాం. ఒక్కో షిఫ్టు వాళ్ళు వచ్చి, చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళు గోధుమరవ్వతో వండి పంపిన కుస్కుస్ ఆయనతో కలిసి తిని, దేవుడు సహనం ఇవ్వాలని చెప్పి వెళ్ళిపోయారు. ఆయన అందరికీ తల ఊపాడు. తర్వాత పనిలోకి వెళ్ళాడు.

ఆ రోజు షిఫ్టు దిగి వచ్చినవాళ్ళలో ఒకడు దీపం ఇస్తూ, ఇవాళ ఉదయం పిడి దగ్గర బెన్‌ఈసాయే కదా అని అడిగాడు. కాదు మీమూన్ అన్నాను. నేను పొరబడ్డానని వాడు, వాడు పొరబడ్డాడని నేను అనుకున్నాం. మర్నాడు ఇంకొకడు అడిగాడు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు, అందరికీ తెలిసిపోయింది. గంట మోగగానే నేల జారిపోతోంది. కింద ఆగేటప్పుడు ఒళ్ళు రాయవుతోంది. బెన్‌ఈసా చెయ్యి మొరటుదే గానీ ఎప్పుడూ ఒకేలా ఉండేది, దానికి సిద్ధపడి నిలబడొచ్చు. ఇది ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా ఉంది. ప్రమాదమేమీ లేదు, హద్దు దాటలేదు. కానీ మీమూన్ రోజుల్లో డోలీలో పాటలు పాడుకునేవాళ్ళు ఇప్పుడు కడ్డీ పట్టుకుని పళ్ళు బిగబట్టి దిగుతున్నారు.

ఆయన మొహంలో ఏముందో మాకు తెలీదు. ఉదయం చీకటి ఉండగానే గుట్ట ఎక్కేవాడు, సాయంత్రం జెల్లాబా అంగీకి ఉన్న టోపీ మొహం మీదికి లాక్కుని దిగేవాడు. ఆయనకు ఎలా ఉందో మనుషులకు తమ మోకాళ్ళలో తెలిసేది. దాన్ని ఏం చెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు.

ఒకరోజు అడుగున డోలీ ఆగేటప్పుడు కద్దూర్ మోకాలు మడతపడి పక్కవాళ్ళ మీద పడిపోయాడు. పైకి వచ్చేసరికి అది సొరకాయంత వాచింది. ఇంజనీరుకి చెప్పమని అందరూ పట్టుబట్టారు. నా కిటికీ దగ్గర నిలబడే అందరికీ జవాబిచ్చాడు కద్దూర్.

"ఏమని చెప్పమంటారు? పెళ్ళాం పోయినవాడి చెయ్యి బరువుగా ఉందనా? అయ్యా, మా ఒళ్ళు మేం మోయలేకపోతున్నాం, ఆ ముసలాణ్ణి తీసెయ్యండి అనా?"

 తర్వాత నా వైపు చూసి, శుక్రవారం నమాజు అయ్యాక నువ్వూ రా లఖ్దరన్నా, మనమే వెళ్దాం అన్నాడు.

వెళ్ళాం. తలుపు తీసే ఉంది. రేడియో పెద్దగా మోగుతోంది, ఆయన దానికి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి రేడియో కట్టేశాడు. చాయ్ పెడతానన్నాడు. చాయ్ ఎప్పుడూ యామ్నాయే పెట్టేది కాబట్టి ఆకు మీద పోసిన మొదటి నీళ్ళు చేదు పోవడానికి పారబొయ్యాలని ఆయనకు తెలీదు. కషాయంలా ఉంది. కద్దూర్ ఒక గ్లాసు తాగి ఇంకోటి పొయ్యమన్నాడు. ఊళ్ళో సంగతులు మాట్లాడాం, చలి గురించి మాట్లాడాం. అసలు మాట రావడం లేదు. చివరికి కద్దూర్ పంట్లాం పైకి లాగి కాలు చాపాడు.

"బాబాయ్, ఈ మోకాలు ఒకసారి చూడు."

మీమూన్ వంగి చూశాడు. "రాయి పడిందా మళ్ళీ?"

"రాయి కాదు. డోలీలో, కింద ఆగేటప్పుడు. నా ఒళ్ళే నా మీద పడింది."

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక నెమ్మదిగా అన్నాడు, "వేగం చూపే సూది ఎర్రగీత దాటలేదు కద్దూర్. రోజూ చూస్తూనే ఉన్నాను."

"దాటలేదు, నేనెక్కడ కాదన్నాను? ఆ గీత దగ్గరికి ఎంత తొందరగా పోతోందో చూసుకున్నావా? ఇదివరకు నువ్వు నడిచి వెళ్ళేవాడివి. ఇప్పుడు ఉరుకుతున్నావు. ఆగేటప్పుడూ అంతే, గోడకి గుద్దుకున్నట్టు."

మీమూన్ తన కుడిచెయ్యి ఒళ్ళోకి తీసుకుని వేళ్ళు ముడిచి విప్పాడు. ఎప్పట్నుంచి అని అడిగాడు. కద్దూర్ నా వైపు చూశాడు. నువ్వు పనిలోకి తిరిగి వచ్చినప్పట్నుంచి అని నేనే చెప్పాల్సి వచ్చింది.

"అందరికీ తెలుసా?"

"దిగేవాళ్ళందరికీ తెలుసు."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

"మాట్లాడొద్దని తలుపు మీద రాశారుగా" అన్నాడు కద్దూర్. నవ్వించాలని అన్నాడు. ఆయన నవ్వలేదు. మేము లేస్తుంటే, నేనొకసారి దిగి చూస్తాను అన్నాడు.

ఇంజనీరుకి ఇది వింతగా తోచింది గానీ కాదనలేదు. తాళ్ళు పరీక్ష చేసే సెలవురోజు పిడి దగ్గర బెన్‌ఈసాని కూర్చోబెట్టారు. మీమూన్ ముందుగా గుట్ట ఎక్కి అతనితో మాట్లాడాడు. నా కోసం తగ్గించొద్దు, ఈ మధ్య నేను ఎలా దింపుతున్నానని వీళ్ళు అంటున్నారో అలాగే దింపు అని చెప్పాడట. బెన్‌ఈసా మొహం ఎర్రబడిపోయి, నేను ఎప్పుడూ దింపేది అలాగే కదా బాబాయ్ అన్నాడట. ఈ మాట తర్వాత గనంతా పాకింది, చాలాకాలం నవ్వుకున్నారు.

నేను ఆయనకు దీపం ఇచ్చాను. ఇన్నేళ్ళలో నా చేత్తో ఆయనకు ఇచ్చిన మొదటి దీపం అది. డోలీలో ఆయన, కద్దూర్, నేను. కడ్డీ ఎక్కడ పట్టుకోవాలో కద్దూర్ చూపించాడు. గంట మోగింది.

నేల పోయింది. నేను ఎన్నోసార్లు దిగినవాణ్ణే, అయినా ఊపిరి ఆగింది. మీమూన్ జెల్లాబా భుజాల మీద నుంచి కొంచెం లేచినట్టయింది. చేతిలో దీపం దానంతటదే తేలినట్టు పైకి వచ్చింది. ఆయన నోరు తెరిచాడు. తర్వాత వేగం కుదురుకుంది. రాతిగోడ పైకి పరిగెడుతోంది, చెవుల్లో గాలి, కానీ మేము మామూలుగా నిలబడి ఉన్నాం, దీపం బరువు దీపానికి వచ్చింది. ఇప్పుడు ఏమీ లేదే అన్నాడు ఆయన. ఇప్పుడుండదు బాబాయ్, ఇంకాసేపు ఆగు అని కద్దూర్ తన చేత్తో మోకాలు అదిమి పట్టుకున్నాడు.

అడుగు దగ్గర పడింది. నేల కింద నుంచి తొయ్యడం మొదలైంది. చెంపలు కిందికి లాగేశాయి, దీపం పట్టుకున్న చెయ్యి దిగిపోయింది. మీమూన్ మోకాళ్ళు వంగాయి, వంగి ఇక లేవలేదు. డోలీ ఆగిపోయాక కూడా ఆయన నేల మీదే కూర్చుండిపోయాడు. టోపీ మొహం మీదికి లాక్కున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అడుగున గంట కొట్టే మనిషి తలుపు తీసి చూసి, చెయ్యి గంట మీద నుంచి తీసేసి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. కద్దూర్ గోడ వైపు తిరిగాడు.

పైకి వచ్చాక ఆయన నాకు దీపం తిరిగి ఇస్తూ, ఇలా ఉంటుందని నాకు తెలీదు అన్నాడు. 

మర్నాడే ఇంజనీరు దగ్గరికి వెళ్ళి మనుషుల డోలీ నుంచి మార్చమని అడిగాడు. పాత బావి ఒకటుండేది, గని రాళ్ళు పోసిన నల్లగుట్టల అవతల. దాన్లోంచి మనుషులు ఎక్కి దిగరు. దుంగలు దింపుతారు, రాళ్ళు ఎత్తుతారు, అంతే. అక్కడికి పంపించారు. ఈ మాట వినగానే కద్దూర్ కుంటుకుంటూ ఆయన ఇంటికి పరిగెత్తాడు. గోడ ఇవతల నాకు అంతా వినపడింది.

"మేము తగ్గించమని అడిగాం, పొమ్మన్నామా? చెబితే తప్పయిపోయిందా? చెయ్యి ఎంత మొరటైనా నువ్వే దింపు, పడుంటాం."

ఆయన గొంతు ఎప్పటిలాగే ఉంది. "నెమ్మదిగానే లాగుతున్నాననుకున్నాను కద్దూర్. ఆ చెయ్యి నాదే, నాకే తెలీలేదు. తెలీకుండా చేసేదాన్ని ఎలా ఆపను చెప్పు? దుంగలకైతే మోకాళ్ళుండవు."

కద్దూర్ చాలాసేపు అరిచాడు. తర్వాత ఏడ్చాడనుకుంటాను.

ఆ పాత బావి దగ్గరికి వెళ్ళే దారిలో ఇళ్ళు లేవు, గాలీ గడ్డీ తప్ప. ఇదివరకు మాట లేకపోయినా తన తాడు చివర మనుషులున్నారని ఆయనకు తెలిసేది. ఇప్పుడు అదీ లేదు. మొదట్లో శుక్రవారాలు కద్దూర్, నేను అక్కడికి వెళ్ళి కూర్చునేవాళ్ళం. బెన్‌ఈసా కూడా ఒకసారి సిగ్గుపడుతూ వెళ్ళి ఆ బార్లీ బస్తా సంగతి అడిగాడు. మీమూన్ తనే కాటా వెతికి తగిలించి, పక్కన నిలబడి చూపించాడు. ఏడాది తిరిగేసరికి బెన్‌ఈసా చెయ్యి కొంత నెమ్మదించింది. మీమూన్ అంత కాలేదు, అయినా మళ్ళీ డోలీలో మాటలు మొదలయ్యాయి. తర్వాత కద్దూర్ మోకాలు పూర్తిగా పాడై, బెర్కాన్‌లో నారింజ తోటల దగ్గరున్న తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయాడు. నేనొక్కణ్ణే వెళ్ళడం అరుదైపోయింది. సాయంత్రాలు గోడ అవతల రేడియో వినపడేది, తర్వాత అదీ ఆగిపోయింది. ఆయన పని మానేసి దెబ్దూ పైన తన పల్లెకు వెళ్ళిపోయాడు.

నేనూ పని మానేశాక ఒక వసంతంలో ఆయన్ని చూడటానికి వెళ్ళాను. అక్కగారి ఇంటి వెనక ఒక గదిలో ఉంటున్నాడు. అక్క పోయింది, ఆమె పిల్లలు ఫెజ్‌లో స్థిరపడ్డారు. మజ్జిగా బార్లీ రొట్టే పెట్టాడు. ఆ రోజు ఆయన మాట్లాడినంత నేను ఎప్పుడూ వినలేదు. చాలాకాలంగా ఎవరికోసమో దాచిపెట్టుకున్నట్టు ఒకదాని మీద ఒకటి చెప్పుకుంటూ పోయాడు. కొండ మీది తోడేళ్ళ గురించి, ముసలి స్పానిష్ వాడి గురించి, యామ్నాని పెళ్ళి చేసుకొచ్చిన రోజు కంచరగాడిద మొండికెయ్యడం గురించి చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆగి అన్నాడు.

"ఆ రోజు డోలీలో నేనెందుకు కూర్చుండిపోయానో మీరెవరూ అడగలేదు."

మోకాళ్ళు తట్టుకోలేక అనుకున్నాం అన్నాను.

"మోకాళ్ళు బాగానే ఉన్నాయి. మొదట నేల జారిందే, ఒళ్ళు తేలికైపోయిందే, అప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్పలేను లఖ్దర్. ఆ కాసేపు యామ్నా లేదు, పోయిందన్న సంగతీ లేదు. ఏదీ గుర్తులేదు. ఆమెను పాతిపెట్టినప్పట్నుంచి అదే మొదటిసారి మర్చిపోవడం. కింద ఆగేటప్పుడు మొత్తం ఒక్కసారే వచ్చి మీద పడింది. మర్చిపోయినందుకు సిగ్గేసింది. లేవలేకపోయాను."

 తర్వాతైనా ఎప్పుడైనా మళ్ళీ అంత తేలికగా అనిపించిందా అని అడిగాను.

"లేదు" అన్నాడు. "మళ్ళీ అనిపించలేదు." రొట్టె ముక్కలు ఏరి గుమ్మం బయట పిచ్చుకలకు వేసి వచ్చాడు.

కద్దూర్ ఎలా ఉన్నాడని అడిగాడు. చేతికర్ర పట్టుకుని తోటలో పిట్టల్ని తోలుతున్నాడని, వాటినీ బూతులు తిడుతున్నాడని చెప్పాను. ఈసారి నిజంగా నవ్వాడు. నారింజలు కోతకొచ్చే రోజుల్లో ఇద్దరం కలిసి బెర్కాన్ వెళ్దామని అనుకున్నాం. బస్సు దాకా నాతో కొండ దిగి వచ్చాడు. బస్సు కదలకముందే, మళ్ళీ ఎక్కాలి కదా, చీకటి పడుతుందని వెనక్కి తిరిగాడు.

నారింజలు పండకముందే ఆయన పోయాడు. కబురు మాకు ఆలస్యంగా అందింది. కద్దూర్, నేను కలిసి వెళ్ళేసరికి మట్టి ఆరిపోయి ఉంది. పల్లెవాళ్ళు కొండ మీదే పాతిపెట్టారు. ఆయన్ని పాతాల్సింది తలా హమ్రాలో యామ్నా పక్కన అని వాళ్ళకు తెలీదు, తెలిసినవాళ్ళం మేము దగ్గర లేం. అక్కణ్ణుంచి ఆమె దగ్గరికి వెళ్ళాలంటే రెండుచోట్ల బస్సు మారాలి. కద్దూర్ తన కాలుతో అంత దూరం రాలేనన్నాడు. నేనొక్కణ్ణే వెళ్ళి ఆమె సమాధి దగ్గర నిలబడి, ఆయన పోయాడని చెప్పి వచ్చాను.